నేల మీద పెట్టని మట్టి

పేపరు ముక్క

మట్టికి వయసేమిటని మొదట నవ్వుకున్నాను.

తెనాలిలో ఫ్యాన్లకూ మోటార్లకూ వైండింగు కట్టే కొట్టు నాది. కొట్టు తెరిచేలోపు పొద్దున పూట శాఖా గ్రంథాలయంలో కూర్చుంటాను. ఏడో తరగతితో బడి మానేసినా, అక్కడి అటక మీది పుస్తకాలు కూడా దింపించుకుని చదివినవాణ్ణి. మల్లవిద్య గురించి ఏ పట్టు ఎక్కడిదో, ఏ కాలంలో ఏ రాజు మల్లులకు ఏం పెట్టి పోషించాడో అడిగితే చెప్పగలను. గోదాలో మాత్రం ఎన్నడూ కాలు పెట్టలేదు.

ఒకరోజు ఎవరో తిరిగిచ్చిన పుస్తకంలో గుర్తుగా పెట్టిన పేపరు ముక్క దొరికింది. నాగర్‌కర్నూల్‌లో ఒక ముసలి వస్తాదు పాత కుస్తీ వస్తువులన్నీ ఒక గదిలో పెట్టి ప్రదర్శనశాల చేస్తున్నాడట. అందులో మూడు వందల ఏళ్ల మట్టి ఉంటుందట.

ప్రదర్శనశాలలంటే నాకు నమ్మకం తక్కువ. వెనకొకసారి ఒక ఊళ్ళో అద్దాల పెట్టెలో ‘రాజుగారు తిప్పిన గద’ చూపించారు. దాని మీద లేతు మిషను గీతలు నాకు స్పష్టంగా కనబడ్డాయి. కరెంటు రాక ముందు చనిపోయిన రాజుగారికి లేతు మిషను ఎవరిచ్చారని అడిగితే, అక్కడి మనిషి నన్ను బయటికి పంపాడు. అప్పటినుంచీ అద్దం వెనక ఏది ఉన్నా ముందు అనుమానిస్తాను, తర్వాత చూస్తాను.

మా గ్రంథపాలకుడు ఎవరెవరినో అడిగి ఆ వస్తాదు ఫోను నంబరు తెప్పించాడు. పేరు బాలకిష్టయ్య. చూడటానికి వస్తానన్నాను.

“తాలీంల ఎన్నడన్న దిగినవా?” అన్నాడు. తాలీం అంటే అక్కడ కుస్తీ నేర్పే చోటు.

“లేదండి.”

“మీ ఇంట్ల ఎవరన్న పయిల్వాన్లు ఉన్నరా?”

“లేరండి.”

“మంచిగైంది. నువ్వే మాకు కావాలె. నాగుల పంచమికి రా, గద్వాల మీదికెళ్లి రా. మన్ను తేవాలె.”

ఏమీ చేతకానివాడు దొరికాడని అంత సంతోషించిన మనిషిని నేను చూడలేదు. అనుమానం అక్కడే పట్టుకుంది. ఆ అనుమానంతోనే టిక్కెట్టు తీశాను.

గద్వాల, మగ్గాల వీధి

గద్వాలలో దిగగానే ఉగ్గాని తిన్నాను. మా వైపు మరమరాలు సాయంత్రం పూట పిల్లలు నమిలే చిరుతిండి. ఇక్కడ వాటినే నానబెట్టి, పోపు వేసి, పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి పొద్దుటి టిఫినుగా ఇస్తారు. ప్లేటు నలభై. రెండో ప్లేటు అడిగితే బండి ఆమె, “ఫస్టు తినేది తిను, సారూ. బజ్జీ కారముంటది, ఎనక ఏడుస్తవు” అంది. ఏడ్చాను.

తాలీం కోట వెనకాల ఒక వీధిలో ఉంది. ఇంటింటా మగ్గాల చప్పుడు. వస్తాదు నర్సింహకు డెబ్బై దాటి ఉంటాయి. రెండు చెవులూ నలిపి వదిలేసిన తమలపాకుల్లా ఉన్నాయి. కుస్తీ పట్టినవాళ్ల చెవులు అలాగే అవుతాయని చదివాను గానీ, చూడటం అదే మొదలు. గదిలో ఆంజనేయుడి పటం, కింద దీపం. గోడలకు మీసాల మనుషుల ఫోటోలు. ఒక మూల తిప్పే గదల జత. నేను తిన్నగా వాటి దగ్గరికి పోయి వంగి చూశాను.

“ఏం దేవులాడుతున్నవ్?” అన్నాడు నర్సింహ వస్తాదు.

“చేత్తో చెక్కినవా, మిషను మీద తీసినవా అని.”

“మిషన్‌వే. కర్నూల్ల చేయించిన. మా తాతవి చెదలు తిన్నయి. చెదలు తిన్నయి గోడకు పెట్టుకుంటరా ఎవరన్న?”

దాచుకోవలసిన మాట అంత తేలిగ్గా చెప్పేసరికి నాకు ఇంకో రకం అనుమానం వచ్చింది. చిన్న నిజం ముందు చెప్పి పెద్ద అబద్ధానికి దారి చేస్తున్నాడేమో అనుకున్నాను.

గది నడుమ గోదా. ఎర్రటి మట్టి, కాలు పెడితే మడమ దాకా దిగేంత మెత్తన. పసుపు, నూనె, మజ్జిగ, వేపాకు, నెయ్యి వేసి తొక్కుతారని నేను చదివిందంతా అప్పజెప్పాను. వస్తాదు విని, “అన్ని చదివినవు. మంచిదే” అన్నాడు. ఆ ‘మంచిదే’ నాకు నచ్చలేదు.

“మరి మూడు వందల ఏళ్ల మట్టి అంటే?”

“మీ ఇంట్ల పెరుగు ఎన్నేండ్లది?”

పెరుగుకూ మట్టికీ సంబంధం ఏమిటా అని చూశాను.

“నిన్నటిది అంటవు. నిన్నటిదాంట్ల తోడు మొన్నటిది. మొన్నటిదాంట్ల అంతకుముందుది. గిది గూడ గంతే. కొత్త గోదా పెట్టాలంటే చెరువు మన్ను ఎంతన్న తెచ్చుకో, పాత గోదాల మన్ను ఒక సంచెడు కలపాలె. లేకుంటే అది గుంత, గోదా గాదు.”

నాగర్‌కర్నూల్ తాలీం మూతబడి చాలా ఏళ్లయింది. ఆ గోదా పోయింది. ఇప్పుడు కొత్తగా కట్టిన ప్రదర్శనశాల గది నడుమ బాలకిష్టయ్య గోదా తవ్వించాడు. గదికి డబ్బిచ్చిన దాతలకు అది ఇష్టం లేదు. చూడటానికి వచ్చేవాళ్ల కాళ్లకు మట్టి అంటుతుంది, టైల్స్ పరవాలన్నది వాళ్ల మాట. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. తాలీంలు తెరిచేది నాగుల పంచమి రోజునే. ఆ రోజు గోదా తెరిస్తే సరే, లేకపోతే గుంత పూడ్చి టైల్స్ వేస్తారు. పంచమి రేపే.

“మీరే ఎవరి చేతన్నా పంపొచ్చు కదండి?”

“తాలీం మనిషి మోయొద్దు. ఏ తాలీంకూ సంబంధం లేనోడే మోయాలె. పోయిన నెల ఆటో నడిపేటోన్ని పంపినం. పెబ్బేరుల చాయ్ తాగనీకి సంచి కింద పెట్టిండు. వచ్చి వాడే చెప్పిండు, పాపం. ఏం చేస్తం? అది పెబ్బేరు మన్నైపాయె. గుడి తోటల పోసినం.”

కింద పెడితే ఆ ఊరి మట్టి అయిపోతుందన్నది వీళ్ల లెక్క. నాగర్‌కర్నూల్ గోదాలో పడేదాకా అది నేలను తాకకూడదు.

“బస్సులో కాళ్ల దగ్గర పెట్టుకోవచ్చా?”

“బస్సు నడుస్తుంటే పెట్టు. ఆగితే అది నేలే.”

నా కళ్ల ముందే సంచి నింపమన్నాను. ఆ జిల్లాల పాత కోటల్లో గుప్తనిధుల కోసం తవ్వేవాళ్ల కథలు పేపర్లలో చదివి ఉన్నాను. నాతో ఏం మోయిస్తున్నారో నాకు తెలియాలి. మగ్గం గుడ్డతో కుట్టిన సంచి నిండాక మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలికాను. మెత్తటి మట్టి తప్ప ఏమీ తగల్లేదు.

“బంగారం దొరికితే నాకు సగమియ్యి, సారూ” అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి చెప్పాడు. “వనపర్తిల ఆగకు. ఆడ మహబూబ్ అని ఒకడుండు. జాతరల నాతోని పట్టిండు. రెండు భుజాలు నేలకు తగిలితేనే ఓడినట్టు, నా ఒక్క భుజమే తగిలింది. రెండూ తగిలినయని ఇప్పటికీ ఊరంత చెప్పుకుంట తిరుగుతుండు. ఆనాటినుంచి మా గోదాల వాళ్లు దిగరు, వాళ్ల గోదాల మేం దిగం. వాని చెయ్యి ఈ సంచికి తగిలినా, వాని మన్ను ఒక్క పిడికెడు కలిసినా, ఇది నా మన్ను కాదని నేనే అంట. నాగర్‌కర్నూలోళ్లు మా జాతరల కుస్తీకి రావొద్దంట.”

సంచి నోటికి నేనే ముడి వేశాను. మోటారు చుట్టలో తీగ కొసలకు మేం వేసే ముడి. ఎవరు విప్పినా మళ్లీ అలాగే వేయడం కుదరదు.

కృష్ణ దాటుతుంటే

సంచి రెండేళ్ల పిల్లంత బరువుంది. ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. పక్క సీటు ముసలావిడ ఎర్రవల్లి దాటేలోపు రెండుసార్లు వాసన చూసింది.

“నెయ్యి వాసనొస్తుంది. లడ్లా?”

“కాదమ్మా. మట్టి.”

ఆవిడ నన్ను తలనుంచి కాళ్లదాకా చూసి, తన చేతిసంచి అవతలి పక్కకు మార్చుకుంది. అనుమానించడం నా ఒక్కడి విద్య కాదని తెలిసింది.

బీచుపల్లి దగ్గర వంతెన మీద బస్సు నెమ్మదించింది. కింద కృష్ణ ఎర్రగా, నిండుగా పోతోంది. మా వైపుకు వచ్చేసరికి ఈ నీళ్లే కాలువల్లో ఒద్దికగా పారతాయి. ఇక్కడ ఇలా ఒళ్లు విరుచుకుంటాయని అనుకోలేదు. ఒడ్డున ఆంజనేయుడి గుడి వైపు అందరూ దండం పెట్టారు. నా చేతులు ఖాళీ లేవు, తల వంచాను.

పెబ్బేరులో బస్సు ఆగింది. ఒంటికి పోక తప్పలేదు. సంచి మెడకు కట్టుకుని మరుగుదొడ్డిలో నిలబడ్డ ఆ రెండు నిమిషాల గురించి ఎక్కువ రాయను. బయటికొచ్చాక చాయ్ బండి కనబడింది. ఆ ఆటో మనిషి నిలబడింది ఇక్కడే అయి ఉంటుంది. చాయ్ తాగకుండానే బస్సెక్కాను.

వనపర్తి, ఉయ్యాల కొక్కెం

వనపర్తిలో దిగేసరికి కుండపోత. దారిలో వాగు పొంగింది, నాగర్‌కర్నూల్ బస్సులు రేపే అన్నారు. బస్టాండులో బెంచీలు ఖాళీగానే ఉన్నా, సంచి ఎత్తుకుని స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. గొడుగుతో ఒక ముసలాయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. తెల్లటి గడ్డం, మెడలో దూది పీచులు. చెవులు నలిగిన తమలపాకులు.

“కూసుంటలేవ్, సంచి కింద పెడ్తలేవ్. తాలీం మన్నే గద?”

“బియ్యమండి.”

“బియ్యానికి పసుపు వాసన ఏంది, భాయ్?” అని నవ్వాడు. “నేను మహబూబ్‌ను. నా గురించి నర్సింహ చెప్పే ఉంటడు.”

పొమ్మనలేను, పోలేను. శ్రావణమాసం పెళ్లిళ్లు, లాడ్జీలన్నీ నిండాయి. రెండు చోట్ల అడిగాను. రెండు చోట్లా ఆయన గొడుగు పట్టుకుని నా వెనకే నిలబడ్డాడు. “ఇంగ నడువు. మా ఇంటికాడ కప్పు కురవదు” అన్నాడు.

ఆయనది పరుపుల కొట్టు. ముందు గదిలో దూది, వెనక ఇల్లు. ఆయన భార్య జాహెదమ్మ తువ్వాలు ఇచ్చి, మంచం చూపించింది. “సంచి మంచం మీద ఎయ్యి, అన్నా. చేతులు గుంజవా?”

“ఆగిన బస్సు నేల అయితే మంచం కూడా నేలేనమ్మా.”

భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకున్నారు. “గది నర్సింహ మాటే” అన్నాడు మహబూబ్ సాబ్. “వాడు గంతే. లెక్కలు బాగా చెప్తడు, భుజాలు మాత్రం లెక్కవెట్టడు. రెండు తగిలినయి. ఈ కండ్లతోని చూసిన. నా ఛాతి కిందనే గద ఉన్నడు.”

చివరికి జాహెదమ్మే దారి చెప్పింది. దూలానికి మనవళ్ల ఉయ్యాల కట్టిన ఇనప కొక్కెం ఉంది. దానికి సంచి నేనే వేలాడదీశాను. గాలి తప్ప ఏదీ తాకదు. నా పడక సరిగ్గా దాని కింద వేసుకున్నాను.

మసాలా దినుసులు వేసి వండిన బగారా అన్నం, దాల్చా పెట్టారు. దాల్చా అంటే సొరకాయ ముక్కలు, చింతపండు వేసిన పప్పు. మా పప్పుచారుకు అన్నలాంటిది. వడ్డించినప్పుడల్లా కొంచెమే అన్నట్టు ‘జర, జర’ అంటూ గరిటె నిండా వేసింది. ఇంత మర్యాద ఎందుకు చేస్తున్నారా అని తింటూనే ఆలోచించాను. తినడం మాత్రం ఆపలేదు.

భోజనమయ్యాక మహబూబ్ సాబ్ బీరువా తెరిచి తన సామాను చూపించాడు. జాతరలో గెలిచిన వెండి కడియం, ఇప్పుడు మణికట్టులో వదులుగా తిరుగుతోంది. ఒక పాత లంగోటా. బీరువా మీద తుప్పుపట్టిన డాల్డా డబ్బా.

“అందులో ఏముందండి?”

“ఏం లేదు.”

మిగతా అన్నీ చేతికిచ్చి చూపించిన మనిషి ఆ ఒక్క డబ్బా దింపలేదు. గుర్తుపెట్టుకున్నాను.

“మీ తాలీం ఎక్కడండి?” అన్నాను.

“కాంప్లెక్సు కట్టిండ్రు. గోదా ఉన్న జాగల ఏటీఎం పెట్టిండ్రు.”

“పైసలు తియ్యనీకి పోతే చెప్పులు బయట ఇడుస్తడు” అంది జాహెదమ్మ. “ఎనక లైన్ల నిలవడ్డోళ్లు గుడి అనుకుంటరు.”

ఆయన నవ్వలేదు. “ఇంగ ఆడ చెప్పులేసుకుని ఎట్ల పోత?” అన్నాడు. లేచి లైటు తీశాడు.

పొద్దున్నే స్నానానికి పోయి వచ్చాను. పెరట్లో ఉన్నది కాసేపే. వచ్చి చూస్తే సంచి కొక్కేనికే ఉంది గానీ, ముడి నాది కాదు. మామూలు సరుకు మూట ముడి.

“ఎవరు విప్పారు దీన్ని?”

మహబూబ్ సాబ్ దూది ఏకుతున్నవాడు తలెత్తలేదు. జాహెదమ్మ వంటింట్లోంచి వచ్చింది. “నేనే, అన్నా. నెయ్యి వాసనకు చీమలు పట్టినయి. తాడు మీదికెళ్లి దిగుతున్నయి. ఇప్పి దులిపిన.”

“చీమలు పడితే నన్ను పిలవొచ్చు కదమ్మా.”

“తానం చేస్తున్నోన్ని ఎట్ల పిలుస్తరు?”

ఆ మాటా సబబే. కానీ సంచి భుజాన వేసుకుంటే నిన్నటి కన్నా బరువనిపించింది. నా మాటల్లో మర్యాద తగ్గిందని నాకే తెలుస్తోంది. మహబూబ్ సాబ్ అప్పుడు కూడా దూది ఏకుతూనే ఉన్నాడు. “బస్సులు నడుస్తున్నయి. పంచమి మధ్యాన్నం దాకనే ఉంది. పో” అన్నాడు. వాకిట్లోకి వస్తే, అరుగు మీద ఆ డాల్డా డబ్బా కడిగి బోర్లించి ఉంది. పండగపూట గిన్నెలు తోముకుంటున్నారనుకుని దాటి వచ్చేశాను.

బిజినేపల్లి, బురద

బస్సులో ముడి విప్పి చూశాను. పైన గద్వాల ఎరుపు. వేలితో తవ్వితే లోపల నల్లగా, నూనె తాగిన మట్టి. అసలు మట్టి సగం తీసుకుని మారుమట్టి నింపారనుకున్నాను. అన్నం పెట్టిన ఇంటిమీద అలా అనుకోవడం ఏం బాగుంటుంది? అయినా అనుకున్నాను. బాలకిష్టయ్యకు చెబితే గోదా పోతుంది, టైల్స్ వస్తాయి. చెప్పకపోతే నేను మోసుకుపోతున్నది ఒక అబద్ధం. రాజుగారి గద గుర్తొచ్చింది. ఈసారి అద్దం వెనక అబద్ధం పెట్టేది నేనే అవుతాను.

ఈ ఆలోచనలోనే బిజినేపల్లిలో బస్సు మారడానికి దిగబోయి జారాను. చేతులు ఆనించుకుంటే సంచి నేలకు తగిలేది. అందుకని దాన్ని రెండు చేతులా పైకెత్తి బురదలో కూలబడ్డాను. కొత్త పాంటు నడుము దాకా పోయింది. మక్కకంకులు కాల్చే ఆమె పరుగెత్తుకొచ్చి రెక్క పట్టి లేపింది.

“సంచిల కోడిపిల్లలున్నయా, అన్నా? గంత పానం పెట్టినవు?”

మట్టి అని చెప్పాను. ఆమె నా పాంటు వైపు, కింద బురద వైపు, పైన సంచి వైపు చూసింది. కంకి ఒకటి ఊరికే ఇచ్చింది, పిచ్చివాళ్లకు ఇచ్చినట్టు.

నాగర్‌కర్నూల్, పంచమి

మాకు నాగుల చవితి దీపావళి తర్వాత కార్తీకంలో వస్తుంది. వీళ్లకు శ్రావణంలో పంచమి. వీధుల్లో ఆడవాళ్లు జొన్న పేలాలు, పాలు పట్టుకుని పుట్టలకు పోతున్నారు. ఈరోజు నేల తవ్వరు, నాగలి కట్టరు. అందుకే గుంత ముందే తవ్వి సిద్ధంగా పెట్టారు.

గది వాకిట్లో టైల్స్ పెట్టెలు పేర్చి ఉన్నాయి. వాటి మీద కూర్చుని తాపీమేస్త్రీ బీడీ కాలుస్తున్నాడు. బాలకిష్టయ్య గడపలో నిలబడి ఉన్నాడు. పొట్టి మనిషి, మోకాళ్లు వంగాయి. పక్కన ఆయన కూతురు స్వరూప. ఆమె బడిలో వ్యాయామ టీచరు, గోదా తెరిస్తే ఆడపిల్లలకు నేర్పుతానని ఊరందరికీ చెప్పి పెట్టుకున్న మనిషి.

“నేలమీద పెట్టినవా?” అన్నది బాలకిష్టయ్య మొదటి మాట.

“లేదండి.”

నా పాంటు చూసి నమ్మినట్టున్నాడు.

గదిలో గోడల పొడవునా అద్దాల పెట్టెలు. రాతి గుండ్లు, లంగోటాలు, జాతర ఫోటోలు. నడుమ గుంతలో కొత్త చెరువు మట్టి, పసుపు చల్లి ఉంది. బాలకిష్టయ్య సంచి తీసుకుని వంపాడు. ముందు ఎరుపు పడింది. వెనకే నలుపు. ఎర్ర కుప్ప మీద నల్లటి చార.

మేస్త్రీ బీడీ ఆర్పి లోపలికి తొంగిచూశాడు. “సారు తొవ్వల కింద పోసి ఎత్తుకొచ్చినట్టుండు. ఇంగ సిమెంటు కలపనా?”

రెండు రోజులుగా అందరినీ నేను అనుమానించాను. ఇప్పుడు ఆ గదిలో అందరి కళ్లూ నా మీద ఉన్నాయి. గద్వాల షరతు, వాగు పొంగడం, కొక్కెం, మారిన ముడి, చీమల మాట, అన్నీ చెప్పాను. అసలు మట్టి మారిపోయిందని నా అనుమానం కూడా చెప్పాను. బీరువా మీద డబ్బాలో ఏముందో చూపించలేదని, పొద్దున అది కడిగి బోర్లించి ఉందని చెబుతుంటే, ఆ రెండు ముక్కలూ నా నోట్లోనే ఒకదానికొకటి అతుక్కున్నాయి.

బాలకిష్టయ్య నల్ల మట్టి చేతిలోకి తీసుకుని వాసన చూశాడు.

“మారలే. నర్సింహ మన్ను మొత్తం ఉంది. దీంట్ల గిది కలిసింది. ఏటీఎం కట్టంగ మిషనొచ్చి తవ్విననాడు మహబూబ్ తన గోదా మన్ను డబ్బల ఎత్తుకున్నడని విన్న. అబద్ధమేమో అనుకున్న.”

“నర్సింహ మామకు తెలిస్తే?” అంది స్వరూప. “మన పిల్లలను జాతరకు రానియ్యడు, నాయినా.”

“నేనే చెప్త. తిట్టనీకి ఈడికి వస్తడు. వస్తె గోదాల దిగక తప్పుతదా? ఇద్దరూ మళ్ల పట్టనీ. ఈపారి భుజాలు మనం లెక్కవెడదాం.”

“ఆనాడు మీరు చూశారా?” అన్నాను. “ఎన్ని తగిలాయి?”

“నాకు తెల్వదు. ఇద్దరూ నన్నే సాక్ష్యమంటరు. నేను జిలేబి తింటున్న.”

ఆయన చెప్పులు విడిచి గుంతలోకి దిగాడు. ఎరుపునూ నలుపునూ కాళ్లతో కలిపి తొక్కడం మొదలుపెట్టాడు. మేస్త్రీ ఒక్క నిమిషం చూసి, టైల్స్ పెట్టెలు ఎత్తి ఆటోలో వేయించడానికి బయటికి పోయాడు. రెండు రంగులూ కనబడకుండా కలిసిపోయాక బాలకిష్టయ్య ఫోను తీసి నాకిచ్చాడు. “మహబూబ్‌కు కలుపు. పెద్దగ పెట్టు.”

“మహబూబ్, నీ మన్ను వచ్చింది” అన్నాడు తొక్కుతూనే.

“నా మన్నా? ఏం మన్ను?” అంది ఫోను. అటువైపు దూది ఏకే చప్పుడు ఆగిపోయింది. తర్వాత, “మన్ను పడ్డదా గోదాల?” అంది.

“పడ్డది. తొక్కుతున్న.”

“నర్సింహకు చెప్పకు.”

“చెప్త.”

“చెప్పు మరి” అని ఫోను పెట్టేశాడు.

పెట్టెల్లోని ఒక్క వస్తువు మీదా చీటీ లేదు. పేపర్లో వేసిన మూడు వందల ఏళ్ల సంగతి అడిగాను. “నేను అనలే. పేపరోడు అన్నడు. నన్ను పాతదా అని అడిగిండు, పాతదే అన్న” అన్నాడు బాలకిష్టయ్య. ఆ ఒక్క జవాబుతో నా ప్రయాణం పని అయిపోయినట్టే. సంచి మడిచి ఇచ్చేసి, బస్సు ఎప్పుడుందో అడిగాను.

“ఏడికి?” అంది స్వరూప. ఆమె చీర కొంగు దోపి అప్పటికే గోదాలో ఉంది. “మన్ను తెచ్చినోడు ముందుగాల పడాలె. అప్పుడే గోదా తెరిచినట్టు.”

“ఈ మాట ఎవరూ చెప్పలేదు నాకు.”

“చెప్తే వస్తవా?” అన్నాడు బాలకిష్టయ్య.

మల్లవిద్య మీద మా గ్రంథాలయంలో ఉన్న పుస్తకాలన్నీ చదివానన్నాను కదా. ఈ ఆచారం ఒక్కదాంట్లోనూ లేదు. చొక్కా విప్పి, బురద పాంటుతోనే దిగాను. పట్టు ఎలా పట్టాలో పుస్తకంలో బొమ్మ ఎలా ఉందో గుర్తుచేసుకుంటూ చేతులు చాచాను. ఆమె నా మణికట్టు పట్టుకోవడం తెలిసింది. తర్వాత తెలిసింది ఇంటికప్పు. వెల్లకిలా, మెత్తగా పడ్డాను.

“రెండు తగిలినయి” అన్నాడు బాలకిష్టయ్య గట్టిగా, అందరికీ వినబడేలా.

లేవబోతుంటే వీపు మీద చురుక్కుమంది. మళ్లీ మెడ దగ్గర. చెయ్యి పెట్టి చూస్తే చీమలు. సంచిలో వనపర్తి నుంచి వచ్చినవే, నెయ్యి వాసన వదలకుండా. జాహెదమ్మ చెప్పిన చీమల మాట నిజమే. నేను ఆ గోదాలోనే కూర్చుని కాసేపు వాటిని ఒక్కొక్కటే తీసుకున్నాను.